అటక దిగిన వీణ

మా ఇంట అటకపై పాతికేండ్లుగా ఒక వీణ గవిసెన కప్పుకొని పడి ఉన్నది. అది మా అమ్మది. బొబ్బిలి చెంతనున్న గొల్లపల్లి పనివారు పనస మ్రాను తొలిచి చేసినది. గత వేసవిలో దానిని దింపి చూతును గదా, తీగెలకు త్రుప్పు, బిరడాలకు బిగుతు. అన్నిటికంటె మిన్నగా, ఎండల తాపానికి మైనం మెత్తబడి, ఇత్తడి మెట్లన్నీ గాలికి ఒరిగిన అరటిచెట్లవలె వాలి ఉన్నవి.

తీగెలు మార్చడం, బిరడాలకు సుద్దపొడి రాయడం ఎవరైనా చేయగలరు. మేళం కట్టడమే అసలు పని. కట్టే పనివాడు మా ఊర లేడు. 24 మెట్ల ఈ వీణతో తంజావూరు నేలిన రఘునాథనాయకుని పేరు ముడివడి ఉన్నది. తెలుగు కావ్యాలు వ్రాసిన రాజుకు ఇంతటి వడ్రంగపు లెక్క కూడ తెలిసి ఉండెనా అని, తరగతిలో ఎన్నడూ తోచని సందేహం నాకు ఆనాడు కలిగినది.

తేనెమైనం కరగించి, దీపపు మసి కలిపి, దండికి రెండు వైపులా గట్లు దిద్ది, అవి మెత్తగా ఉండగానే మెట్లు నిలపాలి. లెక్క స్పష్టమే. మేరువు నుండి గుర్రం వరకు గల తీగెలో సగం మిగిలేచోట 12వ మెట్టు, అక్కడ పై షడ్జం. మూడింట రెండు వంతులు మిగిలేచోట 7వ మెట్టు, అక్కడ పంచమం. కొలబద్ద పెట్టి వెంట్రుకవాసి తేడా లేకుండ నిలిపినాను. మీటితే అపశ్రుతి!

అమ్మకు ఇప్పుడు చూపు ఆనదు. కుర్చీలో నుండియే, “పంచమం హెచ్చు పలుకుతోందిరా, కాస్త మేరువు వైపు జరుపు” అన్నది. జరిపినాను, కుదిరినది. కారణం తరువాత బోధపడినది. మెట్టుపై నొక్కగానే తీగె మరికొంత బిగుసుకొంటుంది. బిగువు హెచ్చితే శ్రుతీ హెచ్చుతుంది. కొలబద్ద కొలిచినది నొక్కని తీగెను. అమ్మ విన్నది నొక్కిన తీగెను. తక్కిన మెట్లన్నీ ఆమె చెప్పినట్లే మూడు సాయంత్రాలలో కుదిర్చినాము.

చివరకు గాంధారపు మెట్టొకటి జీర పలికినది. గమకాలకు తీగె లాగి లాగి అక్కడ ఇత్తడి అరిగి గాడి పడినది. ఆకురాయి చేతబట్టినాను గాని, అమ్మ వ్రేళ్ళ గుర్తు చెరపడానికి మనసొప్పలేదు. ఆలస్యమెందుకని ఆమె అడిగితే చెప్పినాను.

“అది నా తప్పురా. అంత గట్టిగా నొక్కవద్దని మీ తాతగారు ఎప్పుడూ కేకలేసేవారు. గీకేయ్” అన్నది.

గీకినాను. ఇత్తడి పొడి ఒడిలో రాలినది. ఆమె చేయి చాచి, తడిమి తడిమి ఆ మెట్టునే వెదకి, ఈసారి మెత్తగా నొక్కి మీటినది.