మేడలు సరే, మనుషులేరీ?

ఆరంగ్ పొలాల్లో రెండు దశాబ్దాలుగా లేస్తున్న నవ రాయ్‌పూర్‌లో కట్టడాలకు కొదవ లేదు. భూములిచ్చిన ఊళ్ల లెక్కే ఇంకా తేలలేదు.

ఆరంగ్ పేరు వెనక ఒక రంపం కథ ఉంది. హిందీలో ఆరా అంటే రంపం. అతిథిగా వచ్చిన దేవుడు కోరితే మోరధ్వజ మహారాజు కన్నకొడుకునే రంపంతో కోసిన చోటు ఇదేనని స్థానికుల నమ్మకం. మనం మయూరధ్వజుడని పిలుచుకునే రాజే ఆయన. కాకపోతే మనవైపు చెప్పుకునే కథలో రాజు తన శరీరాన్నే సగానికి కోసి ఇస్తాడు. రాయ్‌పూర్ నుంచి జాతీయ రహదారి 53 మీద తూర్పుగా సుమారు 35 కి.మీ. వెళితే వచ్చే ఈ చిన్న పట్టణంలో భాండ్ దేవల్ అనే పాత జైన ఆలయం చూడదగ్గది. అయితే ఈ శతాబ్దంలో ఆరంగ్ తహసీలు పేరు పదేపదే వార్తల్లోకి రావడానికి కారణం గుడి కాదు, పొలాలు. ఇక్కడి ఊళ్లు, పక్కనున్న అభన్‌పూర్ తహసీలు ఊళ్లు కలిపి ఛత్తీస్‌గఢ్ తన కొత్త రాజధానిని కట్టుకుంటోంది.

2000 నవంబర్ 1న రాష్ట్రం పుట్టేనాటికి రాయ్‌పూర్ ఇరుకు రోడ్ల వ్యాపార పట్టణం. ఆస్పత్రి కోసం కట్టిన భవనంలోనే సచివాలయం సర్దుకుంది. తొలి ముఖ్యమంత్రి అజిత్ జోగి 2002లో సోనియాగాంధీ చేత పౌతా గ్రామంలో కొత్త రాజధానికి పునాదిరాయి వేయించారు. మరుసటేడాది ప్రభుత్వం మారింది. రమణ్ సింగ్ పదిహేనేళ్లు పాలించారు, ఇప్పుడు కనిపించే నగరంలో చాలా భాగం ఆయన హయాంలో లేచిందే. పాత నగరానికి ఆగ్నేయంగా, మానా విమానాశ్రయానికి అవతల, 41 గ్రామాల పరిధిలో సుమారు 237 చ.కి.మీ. ప్రాంతానికి ప్రణాళిక గీశారు. అందులో నగరంగా కట్టాలనుకున్నది దాదాపు 80 చ.కి.మీ. 2031 నాటికి 5.6 లక్షల మంది ఇక్కడ నివసిస్తారన్నది అంచనా.

భవనాల వరకు మాట తప్పలేదు. 2008 నాటికే పర్సదాలో భారీ క్రికెట్ స్టేడియం సిద్ధమైంది. 2012 నవంబర్‌లో రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ కొత్త సచివాలయం 'మహానది భవన్'ను ప్రారంభించారు. అదే సమయంలో సత్యసాయి పేరిట వెలసిన ఆస్పత్రి పసిపిల్లలకు ఉచితంగా గుండె ఆపరేషన్లు మొదలుపెట్టింది. ఈ నగరం గురించి ఎవరూ పేచీ పెట్టని విషయం బహుశా ఇదొక్కటే. 2016లో అడవి జంతువుల సఫారీ తెరిచారు. 2018లో వాజ్‌పేయి మరణానంతరం నగరానికి అటల్ నగర్ అని పేరు పెట్టారు, తర్వాత అది నవ రాయ్‌పూర్ అటల్ నగర్ అయింది.

రానిది జనమే. ఏళ్ల తరబడి ఇక్కడి దినచర్య ఒక్కటే: పొద్దున్నే బస్సుల నిండా ఉద్యోగులు పాత రాయ్‌పూర్ నుంచి వస్తారు, సాయంత్రం అవే బస్సుల్లో వెళ్లిపోతారు. ఆ తర్వాత ఆరు వరసల రోడ్లు వీధి దీపాలకే మిగులుతాయి. గృహనిర్మాణ మండలి సెక్టార్ 27, 29లలో కాలనీలు కట్టింది. కొన్నవాళ్లలో చాలామందికి అది కాపురానికి కాదు, ధర పెరుగుతుందన్న ఆశకు. తాళాలు వేసిన ఇళ్ల మధ్య కిరాణా కొట్టు నడవదు. కొట్టు లేదని, బడి దూరమని కాపురాలు రావు. ఈలోగా ప్రైవేటు బిల్డర్లు వీఐపీ రోడ్డు, విధానసభ రోడ్డు వెంట పాత నగరాన్నే సాగదీశారు. స్కూలు, సంత, బంధువులు దగ్గరున్న చోటే మధ్యతరగతి ఫ్లాటు కొనుక్కుంది. ఇందులో వారిని తప్పుపట్టేదేమీ లేదు.

ఈ తీరుకు స్టేడియమే మంచి ఉదాహరణ. తొలి అంతర్జాతీయ వన్డే జరిగింది 2023 జనవరిలో, అంటే కట్టిన పదిహేనేళ్లకు. అదే ఏడాది డిసెంబర్ 1న ఆస్ట్రేలియాతో టీ20 జరగబోతుండగా, 3.16 కోట్ల రూపాయల కరెంటు బిల్లు బకాయి ఉందని, ఐదేళ్ల కిందటే కనెక్షన్ తీసేశారని బయటపడింది. తాత్కాలిక కనెక్షన్, జనరేటర్లతో మ్యాచ్ గట్టెక్కింది. కట్టడానికి డబ్బు దొరుకుతుంది, నడపడానికే దొరకదు.

ఇక ఊళ్ల సంగతి. నగరం ఖాళీగా ఉందనడం పూర్తిగా నిజం కాదు. సెక్టార్ల మధ్య రాఖీ, కయాబాంధా, చీచా, బరౌదా వంటి గ్రామాలున్నాయి. ఛత్తీస్‌గఢ్‌ను ధాన్యపు గిన్నె అంటారు, వీళ్లు ఆ గిన్నె నింపినవాళ్లే. వారి భూముల్ని ప్రభుత్వం ఎక్కువగా పరస్పర అంగీకారం పేరిట కొనుగోలు చేసింది. కొన్నాక ఆ భూమి విలువలో రైతుకు వాటా లేదు. ఇళ్ల స్థలాల పట్టాలు, ఏటా ఇవ్వాల్సిన భృతి, కుటుంబంలో వయసొచ్చిన ప్రతి ఒక్కరికీ ప్లాటు, ఉద్యోగాలు అన్న డిమాండ్లతో రైతులు 2022 జనవరి 3న ప్రాధికార సంస్థ కార్యాలయం ఎదుట ధర్నాకు కూర్చున్నారు. మార్చిలో సచివాలయం వైపు పాదయాత్రగా వెళ్తూ ఒక వృద్ధ రైతు కుప్పకూలి చనిపోయారు. ఎనిమిది డిమాండ్లలో ఆరింటిని ఒప్పుకున్నామని అప్పటి కాంగ్రెస్ ప్రభుత్వం చెప్పింది. కాగితం మీది హామీలు చేతికి రాలేదని రైతులన్నారు. ఆ రోజుల్లో ఆరంగ్ ఎమ్మెల్యే శివకుమార్ డహరియానే రాష్ట్ర పట్టణ పరిపాలన మంత్రి. 2023 ఎన్నికల్లో ఆయన బీజేపీ చేతిలో ఓడిపోయారు. ఆ ఓటమికి రాజధాని ఒక్కటే కారణమనలేం కానీ, ప్రతిపక్షంలో ఉన్నపుడు రైతుల పక్షం, అధికారంలోకి వస్తే నగరం పక్షం అన్న ఆట రెండు పార్టీలూ ఆడాయి.

తెలుగువాళ్లకు ఇది పరాయి కథేమీ కాదు. 2014లో రాజధాని కోసం వెతుకుతూ మంత్రి పి. నారాయణ నాయకత్వంలోని సలహా సంఘం చండీగఢ్, గాంధీనగర్‌లతో పాటు నయా రాయ్‌పూర్‌నూ చూసింది. చూసి వచ్చి భిన్నమైన దారి పట్టారు. అమరావతిలో రైతు భూమిని అమ్మలేదు, సమీకరణకు ఇచ్చాడు. మెట్ట ఎకరాకు బదులు వెయ్యి గజాల ఇంటి స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం, పదేళ్లపాటు కౌలు అన్నది ఒప్పందం. కాగితం మీద ఇది ఆరంగ్ రైతుకు దక్కినదానికంటే మెరుగు. కానీ ప్లాటు విలువ నగరం లేస్తేనే. 2019 డిసెంబర్‌లో మూడు రాజధానుల మాట వచ్చాక పనులు ఆగి, 2025 మే 2న మళ్లీ మొదలయ్యేదాకా ఆ రైతులు ముళ్లకంపల మధ్య తమ ప్లాటును వెతుక్కోవాల్సి వచ్చింది. ఆరంగ్‌లో నగరం వచ్చింది కానీ అందులో రైతుకు వాటా లేదు. అమరావతిలో వాటా ఉన్నా నగరం ఆగిపోయింది. ఏది నయమో చెప్పడం కష్టం.

నవ రాయ్‌పూర్‌లో మళ్లీ కదలిక వచ్చింది. 2025 మార్చి 30న మందిర్ హసౌద్ మీదుగా అభన్‌పూర్ వరకు మెమూ రైలు మొదలైంది. ఏ నగరానికైనా ముందు రావాల్సింది ఇక్కడ చివరికొచ్చింది. సెమీకండక్టర్ కర్మాగారానికి, డేటా సెంటర్‌కు ఆ వేసవిలోనే శంకుస్థాపనలు జరిగాయి. జూలైలో రాయ్‌పూర్, దుర్గ్-భిలాయ్, నవ రాయ్‌పూర్‌లను కలిపి రాజధాని ప్రాంతంగా అభివృద్ధి చేసే బిల్లును శాసనసభ ఆమోదించింది. ఉక్కు కర్మాగారం కోసం తెలుగు కుటుంబాలు ఎన్నడో వచ్చి స్థిరపడిన భిలాయ్ కూడా ఇక ఈ లెక్కలోకి వస్తుంది. 2031 నాటికి ఈ ప్రాంత జనాభా 50 లక్షలవుతుందని ప్రభుత్వ అంచనా. డేటా సెంటర్లో యంత్రాలెన్నో, మనుషులు అంత తక్కువ. ఇళ్లు నింపేది రైలేనా, ఉద్యోగాలా అన్నది చూడాలి.

నవంబర్ 1న, రాష్ట్ర రజతోత్సవం నాడు, ప్రధాని మోదీ కొత్త విధానసభ భవనాన్ని ప్రారంభించారు. 51 ఎకరాల ఆవరణ, 324 కోట్ల రూపాయల ఖర్చు. సభామందిరం పైకప్పుకు వరి కంకుల నగిషీ చేయించారు. ఆరంగ్ ఎమ్మెల్యే గురు ఖుష్వంత్ సాహెబ్ ఆ ఏడాది ఆగస్టులోనే మంత్రి అయ్యారు. ఇళ్ల పట్టాల గురించి ఊళ్లవాళ్లు ఇక అడగాల్సింది ఆయననే.