పాత వ్రాత – కొత్త యంత్రం

మా బనగానపల్లె చిరునామా చాలాసార్లు మారింది. 1948 దాకా ఇది నవాబుల సంస్థానం. తర్వాత మద్రాసు రాష్ట్రంలో కర్నూలు జిల్లా. 1953లో ఆంధ్రరాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్. 2022 నుంచి నంద్యాల జిల్లా. ఊరు మాత్రం ఉన్నచోటనే ఉన్నది. ఇప్పటికీ ఏ దూరపు చుట్టమో అలవాటు కొద్దీ "కర్నూలు జిల్లా" అని వ్రాసి పడేసినా, పిన్‌కోడు సరిగా ఉంటే ఉత్తరం మా గుమ్మంలోకి వచ్చి పడుతుంది. ఏర్పాటు కొత్తదైనా పాత వ్రాతను గుర్తుపడుతున్నదన్నమాట.

కంప్యూటర్ల లోకంలో ఈపాటి మర్యాద దొరకడం ఎంత కష్టమో పోయిన ఎండాకాలంలో నాకు తెలిసివచ్చింది.

మా నాయన బడిపంతులు. ఉద్యోగం విరమించాక మామిడితోటల వెంట తిరిగి, ఏ తోటలో ఏ చెట్టుకు ఎవరు అంటు కట్టారో, ఏ బావి కింద ఏ రకం బాగా కాసిందో ముసలివాళ్ళను అడిగి వ్రాసుకునేవారు. 1997లో ఆ వ్రాతనంతా ఒక డి.టి.పి. షాపులో టైపు చేయించారు. పుస్తకం అచ్చు వేయించేలోగానే కాలం చేశారు. నోటుపుస్తకాన్ని చెదలు తిన్నాయి. మిగిలింది ఒక ఫ్లాపీ. దానిలోని ఫైలును నేను సీడీలోకి, సీడీ నుంచి పెన్‌డ్రైవులోకి భద్రంగా మార్చుకుంటూ వచ్చాను. పెట్టెలు మార్చానే గాని, లోపలి వ్రాతను రేపు ఏ యంత్రం చదువుతుందని ఒక్కనాడూ ఆలోచించలేదు.

పోయిన వేసవిలో హైదరాబాదు నుంచి మేనల్లుడు వచ్చాడు. సాఫ్ట్‌వేరు ఉద్యోగి. వాడి కంప్యూటరులో ఫైలు తెరిపించాను. తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, కామాలు! తెలుగు మచ్చుకైనా లేదు. నా గుండె జారిపోయింది.

"మామా, దీంట్లో తెలుగు ఎప్పుడూ లేదు. తెలుగు బొమ్మలుండేవి, అంతే" అన్నాడు వాడు.

సంగతి ఏమిటంటే, కంప్యూటరుకు అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. ఆ రోజుల్లో తెలుగు అక్షరసమితులు తయారుచేసినవారు ఇంగ్లీషు అక్షరాలు కూర్చునే పీటల మీద మన తలకట్లను, గుడులను, ఒత్తులను కూర్చోబెట్టేవారు. ఒక్కొక్కరి వరుస ఒక్కొక్క తీరు. ఆ అక్షరసమితి ఉన్నంతకాలం తెలుగు కనబడుతుంది; అది లేకపోతే వేషం తీసేసిన నటుడిలా అసలు ఇంగ్లీషు ముఖం బయటపడుతుంది.

అందరికీ ఒకే వరుస ఉండాలన్న ఆలోచన అప్పటికే లేకపోలేదు. భారతీయ ప్రమాణాల సంస్థ 1991లో ఇస్కీ అనే ప్రమాణాన్ని ప్రకటించింది. అదే ఏడు వచ్చిన యూనికోడ్ ప్రపంచభాషలన్నిటికీ వేరు వేరు పీటలు వేసి, తెలుగుకు 128 కేటాయించింది. అందులో "క" అక్షరం సంఖ్య 3093. ఏ ఊరిలో, ఏ యంత్రంలోనైనా అదే. ఒకసారి ఇచ్చిన పీటను మళ్ళీ లాక్కోరాదని కట్టుబాటు కూడా ఉన్నది. కాని 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పి గౌతమి అక్షరాలను వెంటబెట్టుకు వచ్చిన తర్వాత గాని ఇది మామూలు మనిషికి అందుబాటులోకి రాలేదు. మా నాయన నాలుగేళ్ళు ముందు పుట్టించిన ఫైలు పాత పద్ధతిలోనే ఉండిపోయింది.

పాత బొమ్మలను కొత్త అక్షరాలుగా మార్చే ప్రోగ్రాము నొకదానిని మేనల్లుడు వెతికి పట్టుకున్నాడు. పదిహేనేళ్ళ నాడు ఎవరో పుణ్యాత్ముడు పైథాన్ భాషలో వ్రాసి పెట్టాడట. తీరా నడపబోతే అదీ మొరాయించింది! అది రెండో పైథాన్‌లో వ్రాసినది; వీడి దగ్గరున్నది మూడో పైథాన్.

భాషలన్నాక మారవా అని పాఠకులు అడగవచ్చు. మారతాయి. 1957లో ఐ.బి.ఎం.లో జాన్ బాకస్ బృందం ఫోర్ట్రాన్‌ను తెచ్చింది. 1960లో వ్యాపారలెక్కల కోసం కోబాల్ వచ్చింది. బ్యాంకుల్లో ఏనాడో వ్రాసిన కోబాల్ ప్రోగ్రాములు నేటికీ పనిచేస్తున్నాయి. సంవత్సరాన్ని రెండంకెలతో వ్రాసిన పాత ప్రోగ్రాములను 2000 రాకముందే సరిచేయడానికే గదా, మన పిల్లలు ఎందరో అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకుని అమెరికా విమానం ఎక్కినది!

గైడో వాన్ రోసమ్ సృష్టించిన పైథాన్ 1991లో బయటికి వచ్చింది. రెండోది 2000లో, మూడోది 2008లో వచ్చాయి. సాధారణంగా ఇటువంటి అంకెల్లో చివరిది మారితే చిన్న మరమ్మతు. మొదటిది మారితే పాత ఇంటిగోడలకు బీటలు పడవచ్చు. మూడో పైథాన్‌లో జరిగింది అదే. ఏడు పండ్లను ఇద్దరికి పంచమంటే రెండోది తలకు మూడు అనేది. మూడోది మూడున్నర అంటుంది. ఆగిపోయే ప్రోగ్రాము నయం. ఆగకుండా లెక్క మార్చి చెప్పేదే ప్రమాదం. ప్రోగ్రాముల కింద ఇంటికి వాసాల్లా ఫ్రేమ్‌వర్కులుంటాయి. అవీ వంతుకు వచ్చాయి. జాంగో అనే ఫ్రేమ్‌వర్కు 2017 చివర విడుదలైన 2.0తో రెండో పైథాన్‌కు సెలవు చెప్పింది. రెండో పైథాన్‌ను 2015లో ఆపాలనుకుని, జనం కదలకపోవడంతో 2020 జనవరి 1 దాకా గడువు పొడిగించారు.

"ఇంత గొడవ ఎందుకు తెచ్చిపెట్టుకున్నార్రా?" అని విసుక్కున్నాను.

వాడు నవ్వి, "మన తెలుగు కోసం కూడాను మామా" అన్నాడు. రెండోదానిలో అక్షరాలూ ఉత్త అంకెల మూటలూ కలగలిసిపోయేవట. ఇంగ్లీషుకు ఏ చిక్కూ లేదు. మన అక్షరాల వంటివి వచ్చినప్పుడే పేచీ. మూడోది ఆ రెంటినీ విడదీసి, అక్షరమంటే యూనికోడే అన్నది. నా ఫైలుకు అడ్డుపడిన మార్పు నా భాషకు పెద్దపీట వేయడానికి చేసినదే! తిట్టబోయిన నోరు మూతపడింది.

నాయన వ్రాసుకున్న అంటుల సంగతే గుర్తుకు వచ్చింది. బేనీషాన్ టెంకె నాటితే తల్లిచెట్టు పండే వస్తుందన్న నమ్మకం లేదు. ఆ కొమ్మనే తెచ్చి నాటుమొక్కకు కట్టాలి. కోసిన రెండు చెక్కులూ సరిగా అతకాలి. మేనల్లుడు రెండు రోజులు కూర్చుని చేసినది అదే. ప్రోగ్రామును మూడో పైథాన్‌కు సరిపడేలా దిద్ది, "ఇది అక్షరాలు కాదు, అంకెల మూట" అని ముందే చెప్పి ఫైలును చదివించాడు. మూడోనాటి సాయంత్రం తెరమీద తెలుగు విచ్చుకున్నది.

ఒక్క అక్షరం మాత్రం తంటా పెట్టింది. నాయన ఊరి విశేషాల్లో వీరబ్రహ్మంగారి కాలజ్ఞానం ప్రస్తావించారు. ఆయన దానిని ఇక్కడి రవ్వలకొండలో వ్రాశారని, చింతచెట్టు కింద పాతిపెట్టారని మా ఊరి నమ్మకం. వచ్చినచోటల్లా "జ్ఞా" చిందరవందరైంది. పట్టికలో దానికి చోటు లేదు. 2018 ఫిబ్రవరిలో ఇదే "జ్ఞా"ను ఒక కంటికి కనబడని గుర్తుతో కలిపి పంపితే ఐఫోన్లలో సందేశాల ప్రోగ్రాములు కుప్పకూలాయి. ఆపిల్ కంపెనీ 11.2.6 అనే మరమ్మతు పంపవలసివచ్చింది. ఇక మా పట్టిక ఎంత! వాటిని చేత్తోనే దిద్దాను.

మీ ఇళ్ళలోనూ ఇటువంటి పాత ఫైళ్ళుంటే, చదవగలిగే మనుషులూ యంత్రాలూ ఉండగానే యూనికోడ్‌లోకి మార్పించండి. ఒక కాగితపు ప్రతి కూడా తీసి ఉంచండి. పాత ఫైలును మాత్రం పారేయకండి.

ఆ రాత్రి మా అమ్మకు చదివి వినిపించాను. ఒకచోట ఆపి, "ఆ బావికాడిది నీలం కాదురా, ఇమాంపసందు. మీ నాయన అప్పుడే తప్పు రాసినాడు" అన్నది. మేనల్లుడు దిద్దబోయాడు. వద్దన్నాను. అమ్మ మాటను కింద వేరే వరుసలో వ్రాయించాను.