అదే రేటుకు పెద్ద స్క్రీనా?

ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో సీటు ఖాయమైన ఇంట్లో ఫీజు తర్వాత పెద్ద ఖర్చు ల్యాప్‌టాప్‌దే. ఎర్రమంచి, పెనుకొండ చుట్టుపక్కల వాళ్లు హిందూపురంలోనో ధర్మవరంలోనో కొంటారు. ఓపిక ఉన్నవాళ్లు రైలెక్కి బెంగళూరు ఎస్పీ రోడ్డు దాకా పోతారు. ఎక్కడికి పోయినా కౌంటరు దగ్గర వినిపించే మాట ఒకటే: "పెద్ద స్క్రీనే తీసుకోన్నా, అదే రేటుకు వస్తాది." అదే రేటుకు పెద్దది వస్తుంటే చిన్నది ఎవరు అడుగుతారు? అట్లా 15.6 అంగుళాల ల్యాప్‌టాప్ ఇంటికి వస్తుంది. సెమిస్టర్ సగానికొచ్చేసరికి అది హాస్టల్ మంచం మీదే ఉండిపోతుంది. క్లాసులో మాత్రం పిల్లవాడు సెల్‌ఫోన్‌లో పీడీఎఫ్‌ను వేళ్లతో సాగదీసుకుంటూ చదువుతుంటాడు.

అంగడాయన అబద్ధమేమీ చెప్పలేదు. 15.6 అంగుళాల స్క్రీన్లు ఏళ్ల తరబడి పెద్ద ఎత్తున తయారవుతున్నాయి, అందుకే చౌకగా దొరుకుతాయి. 14 అంగుళాల బాడీలో అదే ప్రాసెసర్‌ను, అదే బ్యాటరీని సన్నగా, తేలికగా ఇమడ్చాలంటే కంపెనీకి కాస్త ఎక్కువ ఖర్చవుతుంది. కాబట్టి అదే ధరకు పెద్దది రావడంలో వింతేమీ లేదు. కాకపోతే డబ్బా మీద ఉన్న ఆ అంకె దేన్ని కొలుస్తుందో కొనేవాళ్లకు ఎవరూ విడమరిచి చెప్పరు.

ఆ అంకె స్క్రీన్ ఒక మూల నుంచి ఎదురు మూలకు ఉన్న దూరం. ధర్మవరంలో చీర కొనేటప్పుడు పొడవుతో పాటు పన్నా ఎంతని కూడా అడుగుతాం. ల్యాప్‌టాప్ దగ్గర మాత్రం మూల నుంచి మూలకు ఒక్క కొలత చెబితే తలూపి డబ్బు కట్టేస్తాం. నిజానికి ఒకే 14 అంగుళాల్లో రెండు రకాల ఆకారాలున్నాయి. ఒకటి 16:9. అంటే వెడల్పు 16 పాళ్లయితే ఎత్తు 9 పాళ్లు. సినిమాకు, క్రికెట్‌కు సరిపోయే ఆకారం ఇది. రెండోది 16:10. ఈ మధ్య ఎక్కువగా వస్తున్నది ఇదే.

సెంటీమీటర్లలో చూస్తే సంగతి ఇంకా తేటగా తెలుస్తుంది. 16:9 ఆకారంలో 15.6 అంగుళాల స్క్రీన్ వెడల్పు 34.5 సెంటీమీటర్లు, ఎత్తు 19.4. అదే ఆకారంలో 14 అంగుళాలదైతే వెడల్పు 31, ఎత్తు 17.4. ఇక 16:10లో వచ్చే 14 అంగుళాల స్క్రీన్ వెడల్పు 30 చిల్లర, ఎత్తు 18.8. మళ్లీ చూడండి, 15.6కూ ఈ 16:10 ఆకారం 14కూ ఎత్తులో తేడా అర సెంటీమీటరు కొంచెం పైన, అంతే. చదువుకునే పిల్లలు రోజంతా చేసేది పేజీని కిందికి జరుపుకుంటూ చదవడం, కోడ్ రాయడం, రికార్డు టైప్ చేయడం. ఈ పనులన్నిటికీ వెడల్పు కన్నా ఎత్తే ముఖ్యం. పెద్దదాంట్లో అదనంగా వచ్చిన నాలుగు సెంటీమీటర్ల వెడల్పు చాలాసార్లు పీడీఎఫ్‌కు రెండు పక్కలా ఖాళీగా పడి ఉంటుంది.

రెండో లెక్క చుక్కలది. స్క్రీన్ మీద కనిపించే బొమ్మంతా సన్నని చుక్కలతో ఏర్పడుతుంది, వాటినే పిక్సెళ్లంటారు. ఫుల్ హెచ్‌డీ అంటే అడ్డంగా 1920, నిలువుగా 1080. ఇది 14 అంగుళాల్లోనూ అంతే, 15.6లోనూ అంతే. కాబట్టి రెండూ ఫుల్ హెచ్‌డీ అయి, సెట్టింగ్ ఒకటే అయితే పెద్ద స్క్రీన్‌లో ఒక్క లైను కూడా ఎక్కువ కనబడదు. ఉన్న అక్షరాలే సుమారు పదో వంతు పెద్దగా కనిపిస్తాయి. చూపు కొంచెం మందగించిన నాన్నకు అది ఉపకారమే కానీ, పద్దెనిమిదేళ్ల పిల్లకు పెద్దగా ఒరిగేదేమీ లేదు. అడ్డంగా అవే 1920 చుక్కలున్న 16:10 స్క్రీన్లలో నిలువు చుక్కలు 1200 ఉంటాయి. అంటే అటువంటి 14 అంగుళాల 16:10లో మామూలు 15.6 కన్నా నిలువుగా ఎక్కువ సమాచారం పడుతుంది. అంగట్లో ఈ మాట నేనింతవరకు వినలేదు.

చౌక రకాల్లో, సెకండ్ హ్యాండ్‌లో ఇప్పటికీ 1366 బై 768 స్క్రీన్లు తగులుతాయి. వీటిలో చుక్కలు ఫుల్ హెచ్‌డీలో ఉన్నవాటిలో సగమే. అంత తక్కువ చుక్కల్ని 15.6 అంగుళాల మేర పరిస్తే అక్షరాల అంచులు గరుకుగా కనిపిస్తాయి, రెండు విండోలు పక్కపక్కన తెరిస్తే రెండూ ఇరుకే. ఎంత తగ్గించి ఇచ్చినా వద్దనండి.

కొన్న తర్వాత చాలామంది చూడని సెట్టింగ్ ఒకటుంది. విండోస్‌లో డిస్‌ప్లే సెట్టింగ్స్‌కు పోతే స్కేల్ అని ఉంటుంది. ఫుల్ హెచ్‌డీ ల్యాప్‌టాప్‌లో అది సాధారణంగా 125 శాతమో 150 శాతమో ఉంటుంది. 150లో ఉంటే స్క్రీన్ మీద పట్టే సమాచారం 1280 బై 720 అంతే. 125కు దించితే 1536 బై 864కు పెరుగుతుంది. "14 అంగుళాలు ఇరుకుగా ఉంది" అనేవాళ్లలో చాలామందికి అసలు ఇబ్బంది ఇక్కడే. పైసా ఖర్చు లేకుండా సరిచేసుకోవచ్చు.

ఇక మోత. మన వైపు పిల్లల్లో చాలామంది రోజూ తిరిగేవాళ్లే. ధర్మవరం నుంచి అనంతపురానికి, పెనుకొండ నుంచి హిందూపురానికి బస్సు పాసులతోనో రైలు పాసులతోనో పోయి వస్తారు. 14 అంగుళాల ల్యాప్‌టాప్ కిలోన్నరకు అటూ ఇటూ తూగుతుంది. 15.6 అయితే కిలో ఆరు వందల నుంచి కిలో తొమ్మిది వందల దాకా. గేమింగ్ రకమైతే రెండుంపావు కిలోలు, పైగా దాని చార్జరే అర కిలో. టిఫిన్ క్యారియరు, నీళ్ల బాటిలు, రికార్డులు ఇవన్నీ అదే బ్యాగులో పోవాలి. 15.6 ల్యాప్‌టాప్ బాడీ వెడల్పు దాదాపు 36 సెంటీమీటర్లు. మామూలు కాలేజీ బ్యాగులో అది నిలువుగా దిగితే జిప్పు పడదు, జిప్పు పడితే పుస్తకం పట్టదు. నిలబడి పోయే రైల్లో అటువంటి బ్యాగు తగిలించుకుంటే తెలుస్తుంది దాని సంగతి. రోజూ తీసుకెళ్లలేని ల్యాప్‌టాప్ కొనడమంటే డెస్క్‌టాప్‌ను ఎక్కువ ధర పెట్టి కొనడమే.

అలాగని పెద్దది ఎవరికీ వద్దని కాదు. 2019లో ఎర్రమంచి కియా ఫ్యాక్టరీ నుంచి సెల్టోస్ బయటికి వచ్చిన దగ్గర్నుంచి ఈ ప్రాంతంలో మెకానికల్, ఆటోమొబైల్ డిప్లొమాల మీద ఆశ పెరిగింది. ఆ చదువుల్లో ఆటోక్యాడ్ తప్పదు. దానికి కనీసం 1920 బై 1080 స్క్రీన్ కావాలని తయారుచేసే ఆటోడెస్క్ సంస్థే చెబుతోంది. (విద్యార్థులకు ఆ సాఫ్ట్‌వేర్ ఉచితం, దొంగ కాపీల జోలికి పోనక్కర్లేదు.) డ్రాయింగ్ చుట్టూ టూల్‌బార్లు పరుచుకుంటాయి కాబట్టి ఇక్కడ వెడల్పు నిజంగానే పనికొస్తుంది. వీళ్లు 15.6 కానీ, 16:10లో వచ్చే 16 అంగుళాలది కానీ తీసుకోవచ్చు. బీకాం చదువుతూ ట్యాలీ నేర్చుకునేవాళ్లది ఇంకో కారణం. 15.6 ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి కుడి పక్కన అంకెల కీలు విడిగా ఉంటాయి, వోచర్లు కొట్టేటప్పుడు చెయ్యి పరుగెత్తుతుంది. అయితే ఐదారు వందలు పెడితే యూఎస్‌బీ అంకెల కీప్యాడ్ విడిగానూ దొరుకుతుంది. ఆ ఒక్కదాని కోసం ల్యాప్‌టాప్ సైజు పెంచుకోవడం అనవసరం.

ఇంట్లో టేబుల్ మీద గంటల తరబడి పని ఉన్నవాళ్లకు నేను చెప్పేది వేరే దారి. 14 అంగుళాలది తీసుకొని, వీలు చిక్కినప్పుడు 22 అంగుళాల మానిటర్ ఒకటి కొని హెచ్‌డీఎంఐ వైరుతో తగిలించుకోండి. ఏ ల్యాప్‌టాపూ ఇవ్వలేనంత జాగా వస్తుంది. ల్యాప్‌టాప్ మారినా మానిటర్ మిగులుతుంది. మెడ వంచి చూసే బాధ కూడా తగ్గుతుంది.

మరీ చిన్నవాటి సంగతి కూడా ఒక మాట. 2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు 8.7 అంగుళాల శాంసంగ్ ట్యాబులిచ్చింది. ఆ పిల్లలే 2025లో పది పాసై ఇంటర్‌కు వచ్చారు. "ట్యాబు ఉంది కదా, ఇంకోటి ఎందుకు?" అని ఇంట్లో అడిగే మాటలో కొంత న్యాయముంది. వీడియో పాఠాలు చూడడానికి ఆ స్క్రీన్ చక్కగా సరిపోతుంది. కానీ ఒక పక్క పాఠం తెరిచి ఇంకో పక్క రాయాలంటే చాలదు. విండోస్ 11కే కనీసం 9 అంగుళాలు దాటిన స్క్రీన్ కావాలని మైక్రోసాఫ్ట్ నియమం. ఇక 11, 12 అంగుళాల ల్యాప్‌టాప్‌లు మోయడానికి హాయే కానీ, కీబోర్డు ఇరుకై వేళ్లు పక్క కీల మీద పడతాయి. నాలుగేళ్ల చదువుకు వాటిని సిఫారసు చేయను.

కొనడానికి పోయే రోజు ఒక ఏ4 కాగితం, పెన్‌డ్రైవ్‌లో సిలబస్ పీడీఎఫ్ వెంట తీసుకెళ్లండి. కాగితాన్ని అడ్డంగా స్క్రీన్ మీద పెట్టండి. దాని పొడవు 29.7 సెంటీమీటర్లు, 14 అంగుళాల స్క్రీన్ వెడల్పు దానికన్నా కాస్త ఎక్కువే ఉంటుంది. తర్వాత పీడీఎఫ్‌ను ఒక సగంలో, వర్డ్‌ను ఇంకో సగంలో తెరిచి, ఎన్ని లైన్లు కనిపిస్తున్నాయో రెండు సైజుల మీదా లెక్కపెట్టండి. ల్యాప్‌టాప్‌ను అంగడి గుమ్మం దాకా తీసుకెళ్లి వెలుతురులో చూడండి. అనంతపురం ఎండల సంగతి తెలిసిందే, అద్దంలా మెరిసే స్క్రీన్‌లో పగలు మన మొహమే కనబడుతుంది. మెరవని రకం, 300 నిట్స్ వెలుగు ఉన్నది అడగండి. 250 ఉన్నవి గది లోపల ఫర్వాలేదు. చివరగా, చదివేవాళ్లనే వెంట తీసుకుపోయి, కాలేజీ బ్యాగులో పెట్టి భుజానికి తగిలించి చూడమనండి.

రోజూ కాలేజీకి మోసుకెళ్లే పిల్లలకు నా ఓటు 14 అంగుళాలు, 16:10, 1920 బై 1200. అది చేతికందే ధరలో లేకపోతే ఫుల్ హెచ్‌డీ 14 చాలు. 15.6 తీసుకుంటే అది ఇల్లు కదలదని ముందే తెలిసి తీసుకోండి.