నొప్పి లేదని ఊరుకోవద్దు – రొమ్ము క్యాన్సర్: నివారణ, ముందస్తు గుర్తింపు

శనివారం ఉదయం చిక్కడపల్లి శ్రీ వేంకటేశ్వరస్వామి వారి ఆలయంలో అర్చనకు నిలిచిన మాతృమూర్తులను గమనించండి. గోత్రం చెప్పి, భర్త పేరు, బిడ్డల పేర్లు, మనుమల పేర్లు వరుసగా చెబుతారు. తమ పేరు చివరన వస్తుంది. ఒక్కొక్కప్పుడు రానే రాదు. ఆరోగ్యం విషయంలోనూ వారి వరుస ఇదే. ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా ఆ పూటే వైద్యుని వద్దకు పరుగెత్తే ఇల్లాలు, తన రొమ్ములో చిన్న గడ్డ చేతికి తగిలితే "నొప్పి లేదు కదా, పండుగ వెళ్లాక చూద్దాం" అనుకుంటుంది. ఆ వాయిదాయే అసలు ప్రమాదం.

ధర్మాచరణకు శరీరమే తొలి సాధనమని పెద్దల మాట. కనుక ఆ సాధనాన్ని కాపాడుకొనే మార్గాలను భక్తుల ముందుంచుతున్నాం.

మౌనం వల్ల కలిగే నష్టం

అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా ప్రకారం 2022లో మన దేశంలో సుమారు 1.92 లక్షల మంది మహిళలకు కొత్తగా రొమ్ము క్యాన్సర్ సోకింది. దాదాపు 98 వేల మంది మరణించారు. భారతీయ స్త్రీలలో అత్యధికంగా కనిపించే క్యాన్సర్ ఇదే. తొలిదశలో గుర్తిస్తే చికిత్స తేలిక, కోలుకునే వారే ఎక్కువ. అనేక సందర్భాల్లో రొమ్మును పూర్తిగా తొలగించవలసిన అవసరం కూడా ఉండదు. కాని మన దేశంలో చాలామంది వ్యాధి ముదిరిన తరువాతనే ఆస్పత్రికి చేరుతున్నారు. సిగ్గు, భయం, "నలుగురికీ తెలిస్తే ఆడపిల్ల పెళ్లికి అడ్డు" అనే ఆలోచన ఇందుకు కారణాలు.

ఇది పూర్వజన్మ పాపఫలం కాదు, అంటువ్యాధి కాదు, దిష్టి తగలడం వల్ల వచ్చేదీ కాదు. సూదితో పరీక్ష చేస్తే వ్యాధి పాకుతుందన్నది కూడా అపోహే. ఆ పరీక్ష లేనిదే గడ్డ స్వభావం నిశ్చయంగా తెలియదు.

గుర్తించవలసిన మార్పులు

• రొమ్ములోగాని చంకలోగాని గడ్డ, గట్టిదనం. తొలిదశలో సాధారణంగా నొప్పి ఉండదు.
• రొమ్ము ఆకారంలో, పరిమాణంలో కొత్తగా వచ్చిన తేడా.
• చర్మం సొట్టపడటం, నారింజ తొక్కలా గరుకుగా మారడం, ఎర్రబారడం.
• చనుమొన లోపలికి పోవడం, దానిపై మానని పుండు.
• చనుమొన నుండి రక్తంతో కూడిన స్రావం.

ఇట్టి గడ్డల్లో అధిక భాగం క్యాన్సర్ కావు. అయితే అవునో కాదో తేల్చవలసింది వైద్యులే. ఇరుగుపొరుగు వారు కాదు. నెలసరి ముగిసిన కొద్ది రోజులకు, స్నానవేళ, నెలకొకసారి తమ శరీరాన్ని తాము గమనించుకోవాలి. నెలసరి ఆగిన వారు పౌర్ణమి వంటి ఒక తిథిని గుర్తుగా పెట్టుకోవచ్చు. ఇది వైద్యపరీక్షకు ప్రత్యామ్నాయం కాదు. తేడాను త్వరగా పసిగట్టే అలవాటు మాత్రమే.

చేతి పరీక్ష శక్తి

ముంబయిలోని టాటా మెమోరియల్ ఆస్పత్రి వైద్యులు 1998లో బస్తీలకు చెందిన సుమారు 1.5 లక్షల మంది మహిళలతో ఒక అధ్యయనం ఆరంభించారు. శిక్షణ పొందిన మహిళా ఆరోగ్య కార్యకర్తలు వారిలో ఒక వర్గానికి రెండేళ్లకొకసారి చేతితో రొమ్ము పరీక్ష చేశారు. ఖరీదైన యంత్రాలేవీ వాడలేదు. 2021లో వెలువడిన ఫలితాల ప్రకారం ఆ వర్గంలో వ్యాధి ముందుగా బయటపడింది. 50 ఏళ్లు, ఆపై వయసు గలవారిలో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి.

30 ఏళ్లు నిండిన స్త్రీలకు ఈ పరీక్ష చేయాలని కేంద్ర ప్రభుత్వం 2016లో మార్గదర్శకాలు ఇచ్చింది. 40 దాటినవారు మామోగ్రామ్ ఎప్పుడెప్పుడు అవసరమో వైద్యులను అడగాలి. తల్లికి, అక్కచెల్లెళ్లకు ఈ వ్యాధి వచ్చి ఉంటే ఇంకా ముందే సంప్రదించాలి.

అలవాట్లలో రక్షణ

వయసును, వంశాన్ని మనం మార్చలేం, అలవాట్లను మార్చగలం. వారానికి కనీసం 150 నిమిషాలు చురుకుగా నడవాలి. ఇందిరా పార్కు, నారాయణగూడ మేల్కోటే పార్కు మన వాకిట్లోనే ఉన్నాయి. అశోక్‌నగర్‌లో పోటీపరీక్షల కోసం రోజంతా కూర్చుని చదివే యువతులకూ ఈ నడక అవసరమే.

నెలసరి ఆగాక బరువు పెరగడం ముప్పును పెంచుతుంది. ఏకాదశి నాటి సంయమాన్ని ద్వాదశినాడు బూరెలతో సరిచేయక, కూరగాయలు, పప్పులు, చిరుధాన్యాలతో నిత్యం కొనసాగించడం మేలు. మద్యం కొద్దిపాటిదైనా ముప్పే. తల్లి ఎంతకాలం పాలిస్తే ఆమెకు అంత రక్షణ: 30 దేశాల అధ్యయనాలను 2002లో క్రోడీకరించగా, ప్రతి 12 నెలల స్తన్యపానానికి ముప్పు 4.3 శాతం చొప్పున తగ్గుతున్నట్లు తేలింది. ఇన్ని పాటించినా వ్యాధి రావచ్చు. కనుకనే పరీక్ష మానరాదు.

ఎక్కడకు వెళ్లాలి?

చిక్కడపల్లి మెట్రో స్టేషను నుండి జేబీఎస్ వైపు మూడవ స్టేషను గాంధీ ఆస్పత్రి. ఎంజీబీఎస్‌లో రైలు మారి లక్డీకాపూల్‌లో దిగితే, రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రి దగ్గరే. అర్హత గల కుటుంబాలకు ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో రూ.10 లక్షలకు పెంచారు. పేదరికం వల్ల వైద్యం వాయిదా వేయనవసరం లేదు.

దాతలకు విన్నపం

మన నగరంలో ఆత్మీయుల స్మృతి, ప్రేమ ఆస్పత్రులుగా, సేవాసంస్థలుగా వెలిశాయి. క్యాన్సర్‌తో కన్నుమూసిన శ్రీమతి బసవతారకం గారి పేరిట ఎన్.టి.రామారావు గారు సంకల్పించిన ఆస్పత్రి 2000లో బంజారాహిల్స్‌లో ప్రారంభమైంది. వైద్యురాలైన తన తల్లి ఉషాలక్ష్మి గారికి రొమ్ము క్యాన్సర్ రావడంతో, శస్త్రచికిత్స నిపుణులు డా. పి.రఘురామ్ గారు 2007లో ఆమె పేరిట ఫౌండేషన్ స్థాపించారు.

అంతటి దానం అందరివల్లా కాదు. మీ ఇంట పనిచేసే అమ్మకు ఒక పూట సెలవిచ్చి, ఆటో ఖర్చు భరించి, పరీక్షకు తోడు వెళ్లడం కూడా సేవే. గడ్డ బయటపడిన స్త్రీ చికిత్స మధ్యలో మానకుండా వెంట నిలవడం అంతకంటె పెద్ద సేవ.

అమ్మలారా! ఈసారి అర్చనలో మీ పేరు కూడా చెప్పండి. ఆ వారంలోనే పరీక్ష చేయించుకోండి. ఆ స్వామి అనుగ్రహంతో మీరు ఆరోగ్యంగా ఉంటేనే ఇల్లు చల్లగా ఉంటుంది.