పదాంత ధ్వనుల గుర్తింపు - పసిపిల్లల చదువుకు పునాది

ఆర్మూర్ అనగానే పసుపు స్ఫురణకు వస్తుంది. 44, 63 నంబర్ల జాతీయ రహదారులు కలిసే ఈ పట్టణం చుట్టూ ఉన్న గ్రామాలలో ఏటా జనవరి నుండి పసుపు తవ్వడం, ఉడకబెట్టడం, ఆరబెట్టడం వంటి పనులు ముమ్మరంగా సాగుతాయి. 2025 జనవరి 14న జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్ కేంద్రంగా ప్రారంభమైంది. కొమ్ము, మండ, గోనె సంచి వంటి మాటల నడుమ పెరిగే ఇక్కడి పిల్లలకు వాటి అర్థం విడమరచి చెప్పనవసరం లేదు. అయితే "పసుపు అనే మాట చివర ఏమి వినబడుతోంది?" అని నాలుగేళ్ల బిడ్డను అడిగితే, "పచ్చగా ఉంటది" అనే సమాధానం రావచ్చు. ఆ వయసులో బిడ్డ దృష్టి మాట సూచించే వస్తువుపై ఉంటుంది. మాటలోని ధ్వనిపైకి ఆ దృష్టిని మళ్లించడమే చదువు నేర్పడంలో తొలి పని.

మాట చివరనే అర్థం

తెలుగు అజంత భాష. అచ్చ తెలుగు మాటలలో అత్యధికం అచ్చుతో ముగుస్తాయి. చివరి అచ్చు మారితే అర్థమే మారిపోతుంది. మేక, మేకు, పిల్ల, పిల్లి, బండ, బండి, కోట, కోటి అనే జంటలు ఇందుకు నిదర్శనాలు. వాక్యంలో ఎవరు, ఎక్కడ, ఎవరితో అనే వివరాలను తెలిపే ప్రత్యయాలు సైతం మాట చివరనే చేరుతాయి. బడి, బడికి, బడిలో, బడితో అనే రూపాలలో మొదటి భాగం ఒక్కటే. వచ్చాడు, వచ్చింది, వచ్చారు అనే క్రియలలో వచ్చినది పురుషుడో, స్త్రీయో, పెద్దలో తెలిపేది చివరి ధ్వనియే. కాబట్టి మాట మొదలు చూసి మిగిలినది ఊహించి చదివే అలవాటు పడిన బిడ్డ అక్షరాలన్నీ నేర్చినా వాక్యార్థాన్ని సరిగా గ్రహించలేదు.

బోధనా క్రమం

పిల్లలు మొదట మాటను అక్షరాలుగా విడదీయగలుగుతారు. ఒక్కొక్క అక్షరంలోని హల్లును, అచ్చును వేరుచేసి వినడం ఆ తరువాతి మెట్టు. కన్నడ మాధ్యమంలో చదివే బాలబాలికలపై సోనాలి నాగ్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో, అక్షరాలన్నింటిపై పట్టు రావడానికి కొన్నేళ్లు పడుతుందని, విడి ధ్వనుల ఎరుక మరింత నెమ్మదిగా ఏర్పడుతుందని వెల్లడైంది. తెలుగు, కన్నడ లిపులు రెండూ ఒకే విధమైన అక్షర నిర్మాణం గలవి కావున ఈ క్రమం మన ఉపాధ్యాయులకు కూడా మార్గదర్శకమే.

మొదటి దశలో పలక, పుస్తకం లేకుండా చెవితోనే పని సాగాలి. ప-సు-పు అని మూడు చప్పట్లు కొట్టించి, చివరి చప్పట్లో ఏమి వినబడిందో అడగాలి. రెండవ దశలో పసుపు, తలుపు, మెరుపు, చెరువు అని చెప్పి, వీటిలో చివరి అక్షరం కలవని మాటను పట్టుకోమనాలి. మూడవ దశలో ఒక మాట చివరి అక్షరంతో మరో మాటను అందుకునే ఆట ఆడించవచ్చు. పలక, కడవ, వల, లడ్డు అని ఈ గొలుసు సాగుతుంది. ఇది అందరూ ఎరిగిన అంత్యాక్షరికి చిన్న రూపం. నాలుగవ దశలో మేక, మేకు వంటి జంటలను బొమ్మలతో చూపి, చివరి అచ్చులోని తేడాను వినిపించాలి. ఆ పిమ్మటనే వ్రాసిన అక్షరాన్ని, గుణింతపు గుర్తును ముందుంచాలి.

అన్నం, గుర్రం వంటి సున్నతో ముగిసే మాటలను పలికేటపుడు పెదవులు మూసుకుంటాయి. అద్దంలో తమ పెదవులను చూసుకుంటూ పలికితే పిల్లలు ఈ ధ్వనిని సులువుగా గుర్తిస్తారు. ఈ అభ్యాసాలకు ఖర్చు లేదు. రోజుకు పది నిమిషాలు చాలును.

ఇంటి పలుకుబడి - పుస్తక భాష

నిజామాబాద్ ప్రాంతపు బిడ్డ ఇంట్లో "బడిల ఉన్నడు", "వచ్చిండు" అని వింటాడు. పాఠ్యపుస్తకంలో "బడిలో ఉన్నాడు", "వచ్చాడు" అని ఉంటుంది. రెండింటికీ గల తేడా చాలావరకు మాట చివరనే ఉన్నది. బిడ్డ ఇంటి మాటను తప్పుగా పరిగణించి మందలిస్తే, తరగతిలో నోరు విప్పడానికే జంకుతాడు. రెండు రూపాలను పక్కపక్కన పలికించి, చివర ఏమి మారిందో చెప్పమంటే అదే ఒక చక్కని పాఠమవుతుంది. తల్లి పలుకు గౌరవం నిలుస్తుంది, పుస్తక భాషా పట్టుబడుతుంది.

ఆర్మూర్, నిజామాబాద్, బజార్, మార్కెట్ వంటి హల్లుతో ముగిసే మాటలు కూడా ఈ ప్రాంతపు నోళ్లలో నిత్యం నలుగుతుంటాయి. ఉర్దూ మాట్లాడే కుటుంబాల పిల్లలకు ఇవి మరింత సహజం. పొల్లు హల్లును పరిచయం చేయడానికి సొంత ఊరి పేరును మించిన ఉదాహరణ లేదు.

ఆంగ్ల మాధ్యమంలో మరింత ఆవశ్యకం

తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో 2022-23 విద్యా సంవత్సరం నుండి 1 నుండి 8వ తరగతి వరకు ఆంగ్ల మాధ్యమం ప్రవేశపెట్టబడింది. ఆంగ్లంలో అనేక పదాలు హల్లుతో ముగుస్తాయి. క్యాట్, క్యాప్, క్యాబ్ అనే మూడు మాటలకు చివరి హల్లు ఒక్కటే తేడా. బస్సు, పెన్ను, రోడ్డు అని అచ్చు చేర్చి పలకడం తెలుగు నోటికి స్వభావసిద్ధం. కనుక చివరి హల్లును విడిగా వినే అభ్యాసం లేని బిడ్డకు ఆంగ్ల పఠనం రెట్టింపు కష్టమవుతుంది. తెలుగులో పదాంతాన్ని వినడం నేర్చిన చెవి ఆంగ్లంలోనూ అక్కరకు వస్తుంది.

ప్రభుత్వ కార్యక్రమాలు

మూడవ తరగతి ముగిసేనాటికి ప్రతి బిడ్డా అర్థవంతంగా చదవాలన్న లక్ష్యంతో కేంద్ర ప్రభుత్వం 2021 జూలై 5న నిపుణ్ భారత్ కార్యక్రమాన్ని ప్రారంభించింది. ఈ లక్ష్య సాధనకు 2026-27ను గడువుగా నిర్ణయించింది. రాష్ట్రంలో 2022 ఆగస్టులో "తొలిమెట్టు" పేరిట ప్రాథమిక తరగతులలో చదవడం, వ్రాయడం, లెక్కలపై ప్రత్యేక కార్యక్రమం మొదలైంది. 2022 అక్టోబరులో విడుదలైన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం 3 నుండి 8 సంవత్సరాల వయసును ఒకే దశగా పరిగణించింది. అంగన్‌వాడీలలో ఆటపాటల ద్వారా విద్యను బలోపేతం చేయడానికి 2023 మేలో "పోషణ్ భీ పఢాయీ భీ" ఆరంభమైంది. చివరి ధ్వనిని వినే అభ్యాసం అంగన్‌వాడీలో మొదలై ఒకటవ తరగతిలో కొనసాగితేనే ఈ లక్ష్యాలు నెరవేరగలవు.

ఎంత అభ్యాసం చేయించినా చివరి ధ్వనులను పదేపదే విడిచిపెట్టే బిడ్డను మందబుద్ధిగా ముద్ర వేయరాదు. చెవిలో చీము, వినికిడి లోపం ఇందుకు కారణం కావచ్చు. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుండి 18 సంవత్సరాల వరకు పిల్లలకు జరిపే పరీక్షలలో వినికిడి పరీక్ష కూడా చేరి ఉన్నది. ఉపాధ్యాయులు, అంగన్‌వాడీ టీచర్లు అట్టి పిల్లలను గుర్తించి సకాలంలో వైద్య బృందాల దృష్టికి తీసుకురావలసి ఉంటుంది.

పసుపు పనుల రోజులలో తల్లిదండ్రులు తెల్లవారకముందే పొలానికి వెళ్తారు. బిడ్డ పక్కన కూర్చుని పుస్తకం చదివించే తీరిక అందరికీ ఉండదు. కానీ కొమ్ములు ఏరుతూనో, అన్నం కలిపి పెడుతూనో "ఈ మాట చివర ఏముంది బిడ్డా?" అని అడగడానికి పుస్తకం, అక్షరజ్ఞానం రెండూ అవసరం లేదు. చదువుకోని అమ్మమ్మ, నాయనమ్మ సైతం నేర్పగల ఈ పాఠాన్ని ప్రతి ఇంటికీ చేర్చవలసిన అవసరం ఎంతైనా ఉంది.