పదకొండుమంది వెనుక

ఫుట్‌బాల్ మైదానంలో మనకు కనిపించేది పదకొండుమంది ఆటగాళ్లు. వారిని అక్కడ నిలబెట్టే యంత్రాంగం కంటికి కానరాదు. మన నగరం పేరు ధరించిన హైదరాబాద్ ఎఫ్.సి. చరిత్ర ఆధారంగా దానిని వివరింపదలచాము.

2019లో ఏర్పడిన ఈ జట్టు ఇండియన్ సూపర్ లీగ్‌లో పుణె జట్టు స్థానంలో చేరి, గచ్చిబౌలి మైదానాన్ని నెలవుగా చేసుకొన్నది. వృత్తి జట్టు వ్యవహారరీత్యా ఒక కంపెనీ. పెట్టుబడి యజమానిది, జీతాలు, ప్రయాణాలు, టిక్కెట్ల అమ్మకం కార్యాలయం బాధ్యత. ఎవరు ఏ స్థానంలో ఆడవలెనో నిర్ణయించే అధికారం కోచ్‌ది. ఆయనకు తోడుగా గోల్‌కీపర్ల కోచ్, గాయాలను చూచే ఫిజియో, ప్రత్యర్థుల ఆటను వీడియోలలో పరిశీలించే విశ్లేషకుడు ఉంటారు. బూట్లు, జెర్సీలు సిద్ధపరచే మనిషి పేరు పత్రికలకెక్కదు గాని, ఆయన ఒక్కపూట రాకపోతే తెలిసివస్తుంది! ఆటగానికి నిర్ణీత కాలానికి ఒప్పందం ఉంటుంది. గడువులోగా మరొక జట్టు అతనిని కోరితే మొదటి జట్టుకు రుసుము చెల్లించవలె.

ఇవన్నీ సవ్యంగా నడచినప్పటి ఫలితం మనం చూచితిమి. స్పెయిన్ దేశీయుడు మనోలో మార్క్వెజ్ కోచ్‌గా ఉండగా, 2021–22లో నైజీరియా వాసి ఓగ్బెచె 18 గోల్స్ చేశాడు. 2022 మార్చి 20న గోవాలో జరిగిన ఫైనల్ 1–1తో ముగియగా, గోల్‌కీపర్ కట్టిమని ప్రతిభవలన కేరళ బ్లాస్టర్స్‌పై పెనాల్టీలలో 3–1తో కప్పు దక్కింది.

రెండేళ్లు తిరుగకముందే జీతాలు బకాయి పడ్డాయి. ఆటగాళ్ల బాకీ తీర్చని జట్టు కొత్తవారిని నమోదు చేసుకోకుండా అంతర్జాతీయ సమాఖ్య ఫిఫా నిషేధం విధిస్తుంది. ఈ జట్టుకు అదే జరిగింది. ఉన్నవారు వెడలిపోతుంటే, వారి స్థానంలో కొత్తవారిని తెచ్చుకొనే దారి లేకపోయింది. 2023–24లో జట్టు అట్టడుగున నిలిచింది. మైదానంలోని కుర్రవాళ్ల తప్పు ఇందులో ఏపాటిదని మా ప్రశ్న. 2024లో యాజమాన్యం మారింది. 2025లో జట్టు ఢిల్లీకి తరలి పేరు మార్చుకొన్నది. అభిమానుల అనుమతి ఎవరికీ అవసరం కాలేదు. స్పెయిన్‌లోని బార్సిలోనా క్లబ్బుకు సభ్యులే యజమానులు. అధ్యక్షుని ఓటువేసి ఎన్నుకొనేదీ వారే. ఇక్కడ అట్టి ఏర్పాటు లేదు.

సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుండి 1954 వరకు బొంబాయి రోవర్స్ కప్పును వరుసగా ఐదుసార్లు గెలిచింది. అది వృత్తి జట్టు కాదు. ఆటగాళ్లు పోలీసు ఉద్యోగులు. జీతం శాఖనుండి వచ్చేది.