నాన్న గుడివాడ వెళ్తానంటే

రిటైరైన నెలకే నాన్న భోజనాల దగ్గర తేల్చి చెప్పేశారు. "ఇక బెంగళూరు చాలు. గుడివాడ వెళ్లిపోదాం." అమ్మ గరిటె గిన్నెలోనే వదిలేసి, "మే నెలలో ఒక్క పది రోజులు అక్కడ ఉండొచ్చి, అప్పుడు చెప్పండి ఆ మాట" అంది.

మధ్యలో నేను. సెమ్ సెలవుల్లో ఇంటికొచ్చిన మెకానికల్ థర్డ్ ఇయర్ వాడు ఏం చేస్తాడు? ఎక్సెల్ షీట్ తెరుస్తాడు. వాతావరణానికి 40 మార్కులు, ఖర్చుకి 20, వైద్యానికి 20, మనుషులకి 20. బెంగళూరు నాలుగు మార్కుల తేడాతో గెలిచింది. ప్రింటు తీసి మరీ చూపించాను. నాన్న, "మనుషులకి ఇరవయ్యేనా?" అన్నారు. అమ్మ, "ఎవరి మనుషులు?" అంది. నాన్న మాట వెంటనే అర్థమైంది. అమ్మ ప్రశ్నకి మాత్రం నాకు మూడు నెలలు పట్టింది. ఈ వ్యాసం దాని గురించే. మనలో చాలామంది ఇళ్లలో ఇవాళో రేపో ఈ చర్చ వస్తుంది. రిటైరయ్యాక సొంతూరు వెళ్లాలనుకునే నాన్నలు మా ఇంట్లోనే లేరు కదా.

ముందు ఎండ సంగతి.

బెంగళూరు మన గుడివాడ కంటే దక్షిణాన ఉంది. మ్యాప్ చూస్తే అదే ఎక్కువ వేడిగా ఉండాలి. కానీ అది సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉంది. పైకి వెళ్లేకొద్దీ గాలి కిలోమీటరుకి సగటున ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుంది, ఫస్ట్ ఇయర్‌లో చదివి మర్చిపోయిన లెక్కే. అంటే దాదాపు 6 డిగ్రీలు బెంగళూరుకి ఎత్తు పెట్టిన భిక్ష. గుడివాడ డెల్టాలో, సముద్రానికి దగ్గర్లో, పళ్లెంలా చదునుగా ఉంటుంది. అక్కడ ఆ రాయితీ లేదు.

అలాగని బెంగళూరుని స్వర్గం చెయ్యక్కర్లేదు. 2024 ఎండాకాలం అక్కడ 38 డిగ్రీలు దాటింది, బోర్లు ఎండిపోయి ట్యాంకర్ల కోసం మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో యుద్ధాలు జరిగాయి. "చల్లటి ఊరు" అన్న పేరు మీద నమ్మకంతో ఆ ఊళ్లో చాలా ఇళ్లు ఎండని తట్టుకునేలా కట్టలేదు కూడా.

నేను చేసిన మొదటి తప్పు, షీట్‌లో గరిష్ఠ ఉష్ణోగ్రత ఒక్కటే వేసుకోవడం. ఒంటికి కావాల్సిన లెక్క అది కాదు. మన ఒళ్లు చల్లబడేది ప్రధానంగా చెమట ఆరడం వల్ల. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 2400 కిలోజౌళ్ల వేడిని తీసుకుపోతుంది. కానీ గాలిలో ఇప్పటికే తేమ నిండి ఉంటే చెమట ఆరదు, కారుతుంది. కారిన చెమట వల్ల చొక్కా తడవడం తప్ప ప్రయోజనం లేదు. ఈ రెండిటినీ కలిపి చెప్పేదే వెట్ బల్బ్ ఉష్ణోగ్రత, థర్మామీటరు బల్బుకి తడిగుడ్డ చుట్టి గాలి ఆడనిస్తే చూపించే అంకె.

సైక్రోమెట్రిక్ చార్ట్ తీసి లెక్క వేశాను. గాలి 42 డిగ్రీలు, తేమ 20 శాతం ఉంటే వెట్ బల్బ్ సుమారు 24. గాలి 36 డిగ్రీలే, కానీ తేమ 65 శాతం ఉంటే వెట్ బల్బ్ సుమారు 30. న్యూస్‌లో 42 అంటే హెడ్‌లైన్, 36 అంటే "ఈరోజు కాస్త నయం". ఒంటికి మాత్రం రెండోదే గండం. 35 డిగ్రీల వెట్ బల్బ్ దగ్గర ఆరోగ్యవంతుడైన మనిషి కూడా ఎక్కువసేపు బతకలేడని 2010లో షెర్‌వుడ్, హ్యూబర్ సిద్ధాంతపరంగా చెప్పారు. తర్వాత పెన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లు కుర్రాళ్ల మీద ప్రయోగాలు చేస్తే, తేమ ఎక్కువున్న గాలిలో 31 దగ్గరే ఒంటి వేడి అదుపు తప్పడం మొదలైంది. అది కూడా వయసులో ఉన్నవాళ్లకి.

లిటరరీ క్లబ్ పత్రిక కాబట్టి ఒక మాట. మన భాషకి ఈ తేడా ఎప్పుడో తెలుసు. ఎండ వేరు, సెగ వేరు, వడగాలి వేరు, ఉక్క వేరు. "ఎండ లేదు గానీ ఒకటే ఉక్కపోత" అని మా అత్తయ్య అన్నప్పుడు ఆవిడ డ్రై బల్బ్, వెట్ బల్బ్ విడివిడిగా రిపోర్ట్ చేస్తోందన్నమాట. నేను చార్ట్ తెరిచి తెలుసుకున్నాను.

గుడివాడ ఒక పక్క మచిలీపట్నానికి, ఇంకో పక్క విజయవాడకి మధ్యలో ఉంది. మామూలు రోజుల్లో మధ్యాహ్నానికి సముద్రపు గాలి లోపలికొచ్చి పగటి వేడిని కాస్త కోస్తుంది, తేమ మాత్రం మోసుకొస్తుంది. పడమటి గాలి బలంగా ఉన్న రోజున సముద్రపు గాలిని అడుగు పెట్టనివ్వదు, అప్పుడు నిప్పులే. రోహిణి కార్తె ఎండకి రోళ్లు పగులుతాయన్నది ఊరికే పుట్టిన సామెత కాదు. 2015 మేలో మన రెండు రాష్ట్రాల్లో కలిపి వెయ్యిమందికి పైగా వడదెబ్బకి చనిపోయారు.

రాత్రుల్ని కూడా వదలకూడదు. మే నెలలో అక్కడ తెల్లవారుజామున కూడా 27, 28 డిగ్రీలు ఉంటుంది. పగలంతా తాగిన వేడిని స్లాబు రాత్రంతా కక్కుతుంది. పై అంతస్తులో పడుకునేవాడికి విశ్రాంతి దొరకదు. ఎయిర్ కూలర్ కొనేద్దాంలే అనుకోకండి. నీటిని ఆవిరి చేసి గాలిని చల్లబరిచే యంత్రం అది, అనంతపురంలో బ్రహ్మాండంగా పనిచేస్తుంది, డెల్టా ఉక్కలో గదిలో ఇంకాస్త తేమ కలిపి కూర్చుంటుంది.

ఇదంతా చూసి షీట్ మళ్లీ చేస్తే బెంగళూరు ఆధిక్యం నాలుగు నుంచి పదకొండుకి పెరిగింది. నాన్న కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "సరే, మే నెలలోనే వెళ్దాం. ఉండి చూద్దాం" అన్నారు.

అత్తయ్య వాళ్ల వీధిలో ఖాళీగా ఉన్న పై పోర్షన్ రెండు వారాలకి మాట్లాడారు. అమ్మ రాలేదు. నేను, నాన్న, నా లాప్‌టాప్. మొదటి మూడు రోజులు నాన్న పెళ్లికొడుకే. పొద్దున్నే బజారు, చిన్నప్పటి స్నేహితుడి కొట్టు, కింద పోర్షన్ మామ్మగారితో పేపర్ పంచుకోవడం. ఆవిడకి ఎనభై దాటాయి. పేపర్ నాన్న కొంటారు, చదివి నాలుగింటికి కిందకి తీసుకెళ్లి ఇస్తారు, ఆవిడ టీ ఇస్తారు. మూడు రోజుల్లో అదొక టైమ్‌టేబుల్ అయిపోయింది.

అయిదో రోజు ఉక్క. పొద్దున పదకొండుకి బజారు నుంచి వచ్చి, తలనొప్పిగా ఉందని పడుకున్నారు. ఒంటిగంటకి కరెంటు పోయింది. నేను పక్క గదిలో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఇంటర్న్‌షిప్ రిపోర్ట్ రాసుకుంటున్నాను. మధ్యలో ఒకసారి తొంగి చూసి "నీళ్లు కావాలా నాన్నా?" అంటే "దాహం లేదురా" అన్నారు. సరే అనుకున్నాను. అత్తయ్య వాళ్లు పెళ్లికని హైదరాబాద్ వెళ్లారు.

నాలుగుంపావుకి తలుపు చప్పుడు. మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేని మామ్మగారు, గోడ పట్టుకుని ఎక్కి వచ్చారు. "మీ నాన్న పేపర్ తేలేదేం బాబూ?"

వెళ్లి చూస్తే ఒళ్లు కాలిపోతోంది, మాట ముద్దగా వస్తోంది, ఏం రోజో అడిగితే తడబడ్డారు. మామ్మగారు తడిగుడ్డలు మెడకీ చంకల్లోనూ పెట్టమన్నారు, ఎదురింటబ్బాయి ఆటో తెచ్చాడు. ఆసుపత్రిలో సెలైన్ పెట్టారు. రాత్రికి కోలుకున్నారు. డాక్టర్ గారు నన్ను పక్కకి పిలిచి రెండు విషయాలు చెప్పారు. వయసు పెరిగేకొద్దీ ఒళ్లు ఎండిపోతున్నా దాహం తెలియదు, కాబట్టి "దాహం లేదు" అన్న మాటని నమ్మకూడదు. నాన్న వాడే బీపీ మందుల్లో ఒకటి ఒంట్లో నీటిని బయటికి పంపేది. చల్లటి ఊళ్లో సరిపోయిన మోతాదు ఇక్కడ మళ్లీ చూసుకోవాలి. సొంతంగా ఆపెయ్యడం కాదు, ఊరు మారేముందే డాక్టర్ని అడగాలి. నా షీట్‌లో ఈ గడి లేదు.

ఆ రాత్రి ఆసుపత్రి బెంచీ మీద కూర్చుంటే ఒకటే ఆలోచన. పక్క గదిలో ఉన్నది నేను. రక్తసంబంధం వీధి చివర్లోనే ఉంది, కానీ ఆ రోజు ఊళ్లో లేదు. గమనించింది మాత్రం అయిదు రోజుల పరిచయం ఉన్నావిడ. ఎందుకు? నాలుగింటికి నాన్న వస్తారని ఎదురుచూసే మనిషి ఆవిడొక్కరే.

తర్వాత హాస్టల్‌కి వచ్చాక దీని మీద వెతికితే షికాగో దొరికింది. 1995 జూలైలో అక్కడ కొద్దిరోజుల వడగాలికి మామూలు కంటే 739 మంది ఎక్కువగా చనిపోయారు. ఎరిక్ క్లైనెన్‌బర్గ్ అనే సామాజిక శాస్త్రవేత్త 2002లో దీని మీద పుస్తకం రాశాడు. నార్త్ లాన్‌డేల్, సౌత్ లాన్‌డేల్ అని పక్కపక్కనే రెండు పేటలు. రెండిటిలోనూ పేదవాళ్లు, ఒంటరి ముసలివాళ్లు చాలామందే. ఎండ ఒక్కటే. మొదటి దాంట్లో లక్షకి 40 మంది పోతే, రెండో దాంట్లో లక్షకి 4. నార్త్‌లో దుకాణాలు మూతబడి, ఖాళీ స్థలాలు మిగిలి, భయంతో పెద్దవాళ్లు తలుపులేసుకుని కూర్చున్నారు. సౌత్‌లో వీధి నిండా కొట్లూ జనమూ. ముసలివాళ్లు రోజూ బయటికొచ్చేవారు, ఒకరోజు రాకపోతే ఎవరో ఒకరికి తెలిసేది. పక్కపక్క పేటల మధ్య పదింతల తేడా.

అక్కడే నా షీట్ కూలిపోయింది. వాతావరణం ఒక కాలమ్, మనుషులు ఇంకో కాలమ్ అని విడగొట్టి కూడటమే తప్పు. అవి కూడేవి కావు, గుణించేవి. చుట్టూ ఎవరూ లేకపోతే 36 డిగ్రీలు కూడా ప్రాణం తీస్తుంది. అలాగని మనుషులున్నారు కదా అని స్లాబు కింద పడుకుంటే మనుషులేం చేస్తారు?

ఇప్పుడు అమ్మ ప్రశ్నకి వస్తాను. ఎవరి మనుషులు? నేను "మనుషులు" అన్న గడిలో గుడివాడకి 18, బెంగళూరుకి 9 వేశాను. బంధువులు, భాష, సొంతూరు అని. అది నాన్న మార్కు. అమ్మ పుట్టింది ఏలూరు, గుడివాడ ఆవిడకి అత్తారిల్లే. బెంగళూరులో అమ్మకి సాయంత్రం బెంచీ ఉంది. నలుగురు ఆంటీలు, ఇద్దరు కన్నడ, ఒకరు తమిళం, ఒకరు మనవాళ్లే. ఒక్కరోజు దిగకపోతే ఇంటర్‌కామ్ మోగుతుంది. అమ్మ కన్నడలో కొట్లాడగలదు, అంటే అది ఆవిడ ఊరే. నాన్నకి మాత్రం ఇరవై నాలుగేళ్లలో ఆఫీసు తప్ప వేరే మనుషుల్లేరు. రిటైరైన రోజుతో ఆయన కోసం ఎదురుచూసేవాళ్లు ఆ ఊళ్లో లేకుండా పోయారు. ఒకే ఫ్లాట్, ఒకరికి నిండుగా, ఇంకొకరికి ఖాళీగా. ఈ మాట అమ్మకి ఫోన్‌లో చెప్తే కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ఆయన లిఫ్ట్ దగ్గర వాచ్‌మన్‌తో గంట గంట నిలబడుతుంటే కోప్పడేదాన్ని" అంది.

చివరికి ఇలా తేలింది. ఫ్లాట్ అమ్మలేదు, గుడివాడలో ఇల్లు కొనలేదు. అద్దెకే, అదే ఇంట్లో కింది అంతస్తులో పక్క పోర్షన్ ఖాళీ అయితే తీసుకున్నారు. మీద ఇంకో అంతస్తు ఉంది కాబట్టి స్లాబు సెగ నేరుగా తగలదు. డాబాకి తెల్లసున్నం కొట్టిస్తానంటే ఓనర్ గారు నవ్వారు గానీ ఒప్పుకున్నారు (తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ అని పెట్టింది దీనికే, తెల్లటి కప్పు ఎండని వెనక్కి కొడుతుంది). ఒక గదికి ఏసీ, దానికి సరిపడా ఇన్వర్టర్. సామాను వేసింది నవంబర్‌లో. వేడికి ఒళ్లు అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. చెమట త్వరగా పట్టడం, చెమటలో ఉప్పు తగ్గడం అన్నీ ఆ రోజుల్లోనే జరుగుతాయి. మేలో నేరుగా దిగితే ఆ అవకాశం ఉండదు, మేము చేసిన మూర్ఖత్వం అదే. చలికాలంలో వెళ్తే ఎండ మెల్లమెల్లగా పెరుగుతుంది, ఒళ్లూ దానితోపాటు నడుస్తుంది.

అమ్మ? సంక్రాంతి దాకా గుడివాడలో ఉండి, ఏప్రిల్, మే నెలలు బెంగళూరు వెళ్తానంది. నాన్నని కూడా రమ్మంది. ఆయన, "మామ్మగారికి పేపరెవరు ఇస్తారు?" అన్నారు. ఆ గొడవ ఇంకా తెగలేదు, మార్చిలో చూడాలి. బెంగళూరు ఫ్లాట్ తాళంచెవి ఒకటి బెంచీ ఆంటీ దగ్గర, ఇంకోటి నా హాస్టల్ అరలో ఉన్నాయి.